4కేలో ఒక్కో ఇంటీరియర్ రెండర్‌కి 4 గంటలు, రేపు సాయంత్రానికి ఆరు వ్యూలు ఇవ్వాలి. ఏం చేయను?

నిద్రలేని_3డీ · రాత్రి 9:32

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోయేవాడినే, ఇవాళ గత్యంతరం లేక రాస్తున్నాను. మియాపూర్‌లో ఒక 3బీహెచ్‌కే ఫ్లాట్ ఇంటీరియర్ చేస్తున్నా. హాల్ రెండు వ్యూలు, డైనింగ్, మాస్టర్ బెడ్‌రూమ్, పిల్లల గది, పూజ గది, మొత్తం ఆరు. రేపు సాయంత్రం ఆరింటికి క్లయింట్‌తో మీటింగ్.

సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 4.2, 3డీ మోడల్‌ని ఫోటోలాంటి బొమ్మగా మార్చే (రెండర్ చేసే) ఇంజిన్ దాని సైకిల్స్, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ, 32 జీబీ ర్యామ్. హాల్ మొదటి వ్యూ 4కేలో (3840 × 2160) పెడితే 3 గంటల 50 నిమిషాలు పట్టింది, అంతసేపు తిన్నాక కూడా సీలింగ్ మూలల్లో ఇసుక చల్లినట్టు నాయిస్. ఆరింటికీ లెక్కేస్తే 23 గంటలు, నా చేతిలో ఉన్నది 20. శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కి వదిలే కిరణాలు) 4096, నాయిస్ థ్రెషోల్డ్ (ఎంత నాయిస్ దగ్గర ఆపాలో) 0.01, బౌన్సులు (కిరణం ఎన్నిసార్లు తగిలి ఎగరాలో) అన్నీ 32. బౌన్సులు ఒక యూట్యూబ్ వీడియో చూసి పెంచాను, రియలిస్టిక్‌గా రావాలంటే పెంచాల్సిందే అన్నాడు. పోనీ అని శాంపిల్స్ 500కి దించితే గోడలకి అమ్మవారు పోసినట్టుంది.

మంచి సెట్టింగ్స్ ఎవరైనా చెప్పండి, అవే పెట్టేస్తా.

ఇటుకలు_ఇసుక · 9:36

4090 కార్డు కొనుక్కో బ్రదర్, తీరిపోతుంది.

నిద్రలేని_3డీ · 9:37

అంత డబ్బుంటే ఈ ప్రాజెక్ట్ ఒప్పుకునేవాడినే కాదన్నా.

బెజవాడ_బ్లెండర్ · 9:41

శాంపిల్స్ 200, డీనాయిజర్ (నాయిస్‌ని తుడిచేసేది) ఆన్, అన్నం తిని పడుకో. పొద్దున లేచేసరికి ఆరూ ఉంటాయి. నేను రెండేళ్లుగా ఇదే చేస్తున్నా, ఒక్క క్లయింటూ అడగలేదు.

గచ్చుగీతలు · 9:50

సెట్టింగ్స్ తర్వాత చూద్దాం. ఆ కార్డు మీద మామూలు హాల్‌కి నాలుగు గంటలు పట్టకూడదు, సీన్‌లోనే ఏదో ఉంది. ఇవి చెప్పు: బాల్కనీ స్లైడింగ్ డోర్‌కి అద్దం మోడల్ చేశావా, చేస్తే మందం ఉన్న గ్లాసా, మందం లేని ఒట్టి పలకా? ఫాల్స్ సీలింగ్‌లో కోవ్ లైట్ దేంతో పెట్టావు? గోడల తెలుపు బేస్ కలర్ ఎంత? టెక్స్చర్లు (వస్తువుల మీద పరిచే బొమ్మలు) ఏ సైజు? ఇంకోటి, అన్నిటికన్నా ముందు అడగాల్సింది, క్లయింట్ వీటిని ఎక్కడ చూస్తాడు?

నిద్రలేని_3డీ · 10:02

థాంక్స్ అన్నా. అద్దం 12 ఎంఎం మందంతో పెట్టాను, గ్లాస్ షేడర్ (గాజులా కనిపించే మెటీరియల్). కోవ్‌లో ఎల్‌ఈడీ స్ట్రిప్ ఎక్కడో డౌన్‌లోడ్ చేసింది, ఒక్కో గింజా విడిగా ఉంది, దానంతటదే వెలిగేలా ఎమిషన్ ఇచ్చాను. హాల్ చుట్టూ తిప్పితే గింజలు రెండు వేలకి పైనే ఉంటాయేమో. గోడలు పూర్తి తెలుపు, 1.0. సోఫా, కర్టెన్లు, కుషన్లు అన్నీ 8కే టెక్స్చర్లు. క్లయింట్ ముందు వాట్సాప్‌లో పెట్టమన్నాడు, మీటింగ్‌లో టీవీ మీద చూస్తారు.

గచ్చుగీతలు · 10:19

అన్న కాదు, అక్క. పర్లేదు.

నీ నాలుగు గంటలు ఎక్కడికి పోతున్నాయో నువ్వే చెప్పావు. ఒక్కోటీ చూద్దాం.

అద్దం. సైకిల్స్ గదిలో ఒక చుక్క దగ్గర నిలబడి సూర్యుడి దాకా, ఆకాశం దాకా నేరుగా ఒక గీత గీసి చూస్తుంది, మధ్యలో ఏదైనా అడ్డం ఉంటే అక్కడ నీడ. గ్లాస్ షేడర్ దానికి గోడతో సమానం, కాబట్టి పట్టపగలు నీ హాల్ మొత్తం నీడలో ఉన్నట్టే. ఇక వెలుగు రావాలంటే గదిలో గుడ్డిగా తిరిగే కిరణం ఏదో అదృష్టం కొద్దీ ఆ అద్దంలోంచి వంగి సరిగ్గా సూర్యుడికే తగలాలి. వెయ్యిలో ఒకటి తగులుతుంది, తగిలిన చోట తెల్ల చుక్క, తగలనిచోట నలుపు. నువ్వు చూస్తున్న ఇసుకలో సగం ఇదే. గ్లాస్ షేడర్‌ని ట్రాన్స్‌పరెంట్ షేడర్‌తో మిక్స్ చేసి, లైట్ పాత్ నోడ్‌లో ఈజ్ షాడో రేని ఫ్యాక్టర్‌కి కలుపు. అద్దం అద్దంలాగే మెరుస్తుంది, వెలుగు మాత్రం ఆగదు. ఆ వ్యూలో అద్దం సరిగ్గా కనిపించకపోతే ఏకంగా డిలీట్ చెయ్, ఎవరూ కనిపెట్టరు. తర్వాత డోర్ సైజుకి ఒక ఏరియా లైట్ పెట్టి పోర్టల్ టిక్ పెట్టు, ఆకాశం ఏ వైపు ఉందో సైకిల్స్‌కి వేలు పెట్టి చూపించినట్టు.

కోవ్ లైట్. మన ఇళ్లలో ఇదొక పెద్ద గొడవ. పీఓపీ అంచు వెనక స్ట్రిప్ దాక్కుంటుంది, దాన్నుంచి నేరుగా ఏదీ గదిలోకి రాదు, అంతా సీలింగ్‌కి కొట్టుకుని కిందికి దిగే వెలుగే. అసలే కష్టమైన లెక్క, దానికి నువ్వు రెండు వేల గింజలు ఇచ్చావు. అవన్నీ తీసేసి ఒక్కో వైపుకి సన్నటి పొడుగాటి ఏరియా లైట్ ఒక్కటి పెట్టు. నాలుగు వైపులకి నాలుగు లైట్లు, అంతే. కనిపించేదానిలో తేడా సున్నా. లైట్ ట్రీ (ఎక్కువ లైట్లున్న సీన్‌లో ఏ లైటుని చూడాలో ఎంచుకునేది) టిక్ పడి ఉందో లేదో కూడా చూసుకో, బ్లెండర్ 3.5లో వచ్చింది అది, పాత ఫైల్ నుంచి మొదలుపెట్టిన సీన్ అయితే ఆఫ్‌లో ఉండొచ్చు.

తెలుపు. నిజం సున్నం గోడ కూడా మీద పడ్డ వెలుగులో కొంత మింగేస్తుంది. 1.0 అంటే ఏమీ మింగని గోడ, అలాంటిది ఎక్కడా లేదు. కిరణం చావదు, పైగా నువ్వు 32 బౌన్సులు ఇచ్చావు, పింగ్‌పాంగ్ ఆడుతూనే ఉంటుంది. 0.8 పెట్టు. మూలలు కూడా అప్పుడే మూలల్లా కనిపిస్తాయి, ఇప్పుడు నీ హాల్ పాలలో ముంచినట్టు ఉండి ఉంటుంది. బౌన్సులు డిఫాల్ట్‌కి తిప్పు: మొత్తం 12, డిఫ్యూజ్ 4, గ్లాసీ 4.

టెక్స్చర్ల సంగతి టైమ్ కన్నా మెమరీ గొడవ. 8192 × 8192 ఇమేజ్ ఒక్కటి కార్డులోకి ఎక్కితే 256 ఎంబీ. కలర్, రఫ్‌నెస్ (గరుకు), నార్మల్ (ఉపరితలం ఏ దిక్కుకి తిరిగి ఉందో), డిస్‌ప్లేస్‌మెంట్ (ఎత్తుపల్లాలు) మ్యాప్‌లు కలిపి ఒక్క కుషన్ గుడ్డకే 1 జీబీ దాకా పోతుంది, ఆ కుషన్ నీ ఫ్రేమ్‌లో 200 పిక్సెళ్లు కూడా ఉండదు. సింప్లిఫైలో టెక్స్చర్ లిమిట్ 2048 పెట్టు.

ఒక్కోటి మార్చినప్పుడల్లా 1280 × 720లో టెస్ట్ వేసి టైమ్ రాసుకో. అన్నీ ఒకేసారి మార్చేస్తే దేనివల్ల తగ్గిందో తెలియదు, వచ్చే ప్రాజెక్ట్‌కి మళ్లీ ఇక్కడికే వస్తావు.

పాతకాపు · 10:31

అమ్మాయి చెప్పిందానికి వంక పెట్టడానికి లేదు. నా వంతు ఒక పాత కథ.

2006లో అమీర్‌పేటలో ఒక ఆఫీసులో చేసేవాడిని, పెంటియం 4, 1 జీబీ ర్యామ్, 3డీఎస్ మాక్స్, రెండర్‌కి వీ-రే. అప్పుడు ఇర్రేడియన్స్ మ్యాప్, లైట్ క్యాష్ కాలం. గదిలో అక్కడక్కడా కొన్ని చుక్కల దగ్గరే వెలుగు లెక్కేసి, మధ్యలో ఉన్నదంతా పూత పూసినట్టు సర్దేసేది. త్వరగానే అయ్యేది కానీ సీలింగ్ మూలల్లో చెమ్మ పట్టినట్టు మరకలు. పొద్దున ఆఫీసుకొచ్చి చూస్తే రాత్రి పెట్టిన రెండర్ సగంలో ఆగిపోయి, మిగతా సగం నల్లగా. ఆ మ్యాప్‌ని ఫైల్‌లో సేవ్ చేసుకుని అదే గదిలో మూడు కెమెరాలకి వాడేవాళ్లం, లైట్ కదలనంత కాలం. ఇప్పటి పిల్లలకి ఆ పిసినారితనం తెలియదు, తెలియాల్సిన అవసరమూ తగ్గింది అనుకోండి.

పాత్ ట్రేసింగ్ (సైకిల్స్ చేసేది ఇదే, కిరణం కిరణంగా వెలుగు లెక్కేయడం) ఆలోచన 1986లో జేమ్స్ కజియా అనే పరిశోధకుడి పేపర్‌లోదే, కొత్తదేం కాదు. మన టేబుల్ మీద ఉన్న మెషీన్లు దాన్ని మోసే స్థాయికి రావడానికి ఇన్నేళ్లు పట్టింది. దానిలో ఒక్క లెక్క బుర్రలో ఉంచుకో బాబూ: నాయిస్ సగానికి తగ్గాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి, మూడో వంతుకి తగ్గాలంటే తొమ్మిది రెట్లు. అందుకే 50 నుంచి 200కి వెళ్తే కళ్లు తెరుచుకున్నట్టుంటుంది, 3000 నుంచి 4000కి వెళ్తే కరెంటు బిల్లు తప్ప ఏమీ మారదు. థ్రెషోల్డ్ 0.01 నీ హాల్‌కి అనవసరం. 0.03 పెట్టి, మిగిలింది డీనాయిజర్‌కి వదిలెయ్. కరోనా అనే రెండర్ ఇంజిన్ వాడేవాళ్లు కూడా నాయిస్ లిమిట్ 3 నుంచి 5 శాతం దగ్గర ఆపేసి డీనాయిజ్ చేస్తుంటారు, దాదాపు అదే దారి.

బెజవాడ_బ్లెండర్ · 10:34

అంటే చివరికి నేను చెప్పిందే కదా సార్, డీనాయిజర్.

పాతకాపు · 10:38

నువ్వు చెప్పింది జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా డోలో వేసుకోమని. 200 శాంపిల్స్‌లో అద్దం అలాగే ఉంటే ఆ చుక్కల్ని డీనాయిజర్ నున్నగా రుద్ది గోడ మీద మబ్బులు చేస్తుంది. నాయిస్ సమంగా, సన్నగా ఉంటేనే దానికి పని చేతనవుతుంది.

డాలస్_దోసె · 10:44

నేను ఇక్కడ ఒక ఆర్కిటెక్చర్ ఫర్మ్‌లో పనిచేస్తున్నా, మా దగ్గర డిజైన్ మీటింగ్‌లకి పాత్ ట్రేసింగ్ వాడటం ఎప్పుడో మానేశారు. రెవిట్ (డిజైన్ సాఫ్ట్‌వేర్) పక్కనే ఎన్‌స్కేప్ (అప్పటికప్పుడు చూపించే రియల్‌టైమ్ సాఫ్ట్‌వేర్) తెరిచి, క్లయింట్ ముందే గోడ జరిపి చూపిస్తారు, సెకన్లలో పని. ఫైనల్ మార్కెటింగ్ ఇమేజ్ రెండో మూడో ఉంటే అవి మాత్రమే వీ-రేకి వెళ్తాయి. ఇంకా డిజైన్ ఓకే కాని ఫ్లాట్‌కి 4కే సైకిల్స్ ఎందుకు?

గచ్చుగీతలు · 10:52

మీ మాట నిజమే, కానీ మన క్లయింట్లు డిజైన్ ఓకే చేసేదే ఫైనల్‌లా కనిపించే ఇమేజ్ చూసి. గ్రే క్లే రెండర్ పంపితే "ఇదేంటి, రంగులు వేయలేదా" అని ఫోన్. నేను చాలాసార్లు ప్రయత్నించి వదిలేశా. రియల్‌టైమ్‌లో ఇంటీరియర్ కోవ్ లైట్లు నాకు ఇప్పటికీ తృప్తిగా అనిపించవు, ఎలివేషన్‌కి, ల్యాండ్‌స్కేప్‌కి మాత్రం లూమియన్, డీ5 లాంటివే వాడతాను. చెట్లు, గడ్డి సైకిల్స్‌లో మోయడం కన్నా అది హాయి.

నిద్రలేని_3డీ · 12:47

అక్కా, సార్, నా కళ్లని నేనే నమ్మలేకపోతున్నా. 1280 × 720లో హాల్ మొదటి వ్యూ, రాసుకున్నవి రాసుకున్నట్టు పెడుతున్నా:

మొదట్లో ఉన్నట్టే 26 నిమిషాలు. అద్దం మార్చి పోర్టల్ పెట్టాక 14. గింజలు తీసేసి నాలుగు ఏరియా లైట్లు పెట్టాక 8. తెలుపు 0.8, బౌన్సులు డిఫాల్ట్, ఆరున్నర. థ్రెషోల్డ్ 0.03 చేశాక 2 నిమిషాల 5 సెకన్లు.

4కేలో తొమ్మిది రెట్లు పిక్సెళ్లు కదా, ఆ లెక్కన ఒక్కోటి 19 నిమిషాల లోపే. ఆరూ కలిపి దాదాపు రెండు గంటలు.

కానీ డీనాయిజ్ చేస్తే కొత్త తంటా వచ్చింది. సోఫా మీద పోచంపల్లి ఇక్కత్ కుషన్లు ఉన్నాయి, క్లయింట్ భార్య తెచ్చి ఇచ్చిన ఫోటోల నుంచి టెక్స్చర్ చేశాను. ఇక్కత్‌లో డిజైన్ అంచులు రంపపు పళ్లలా కొద్దిగా చెదిరి ఉంటాయి, దారానికి ముందే రంగు వేసి నేస్తారు కాబట్టి. డీనాయిజర్ ఆ చెదురుని నాయిస్ అనుకుని తుడిచేసింది. ఇప్పుడు అది ఇక్కత్ కాదు, ప్రింటెడ్ బెడ్‌షీట్. టీవీ యూనిట్ టేకు వెనీర్ గీతలు కూడా మైనం పూసినట్టున్నాయి. ఆవిడ ఇది కచ్చితంగా పట్టుకుంటుంది.

గచ్చుగీతలు · 12:55

డీనాయిజ్ కింద పాసెస్ అని ఒక ఆప్షన్ ఉంటుంది, ఏముంది అక్కడ?

నిద్రలేని_3డీ · 12:56

నన్ అని ఉంది. మెమరీ మిగులుతుందని నేనే మార్చినట్టున్నా.

గచ్చుగీతలు · 1:04

అదే. అల్బెడో అండ్ నార్మల్ పెట్టు. అల్బెడో అంటే వెలుగునీడలు లేని ఒట్టి రంగు. ఆ ఇక్కత్ డిజైన్ గుడ్డలో ఉందా, వెలుగులోంచి వచ్చిన చెత్తా అనేది డీనాయిజర్ దాన్ని చూసే తెలుసుకుంటుంది. అది లేకపోతే ఊహించాలి, ఊహిస్తే నున్నగా చేయడమే దానికి తెలుసు. ప్రీఫిల్టర్ అక్యురేట్ పెట్టు. ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్‌నే ఎంచుకో, 4.1 నుంచి అది జీపీయూ మీద కూడా నడుస్తుంది, నీకు సెకన్లలో అయిపోతుంది.

వెనీర్ మాత్రం పూర్తిగా తేరుకోకపోవచ్చు. అక్కడ కనిపించేది రంగు ఒక్కటే కాదు, మెరుపులో తేడా కూడా, అంటే రఫ్‌నెస్ మ్యాప్. ఆ సమాచారం అల్బెడోలోనూ లేదు నార్మల్‌లోనూ లేదు. దానికి నేను చేసేది: డీనాయిజ్ చేయని ఇమేజ్ కూడా ఉంచుకుని, కంపోజిటర్‌లో రెండూ 70, 30 పాళ్లలో కలుపుతా. కొంచెం గరుకు మిగలనీ. పూర్తి నునుపు చూస్తే ప్లాస్టిక్‌లా ఉంటుంది, ఫోటోల్లో కూడా కాస్త గ్రెయిన్ ఉంటుందిగా.

బెజవాడ_బ్లెండర్ · 1:10

ఈ పాసెస్ సంగతి నాకూ తెలియదు. నా పాత రెండర్లు తెరిచి చూస్తున్నా, కర్టెన్లన్నీ మైనమే. రెండేళ్లుగా ఎవరూ అడగలేదు అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

ఇటుకలు_ఇసుక · ఉదయం 7:20

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకో విల్లా ప్రాజెక్ట్ ఉంది, బిల్డర్ రెండు అడుగుతున్నాడు. ఒకటి, రోడ్డు మీద 20 అడుగుల వెడల్పు హోర్డింగ్, దానికి 8కే తప్పదంటున్నాడు. రెండు, ఒక నిమిషం వాక్‌త్రూ. ఒక్కో ఫ్రేమ్ ఎంతలో ఉండాలి?

పాతకాపు · 7:48

హోర్డింగ్‌కి 4కే చాలు. లెక్క వేసుకో: 20 అడుగులంటే 240 అంగుళాలు, 3840 పిక్సెళ్లు పరిస్తే అంగుళానికి 16. వినడానికి ఘోరంగా ఉంది, కానీ 50 అడుగుల దూరం నుంచి మామూలు కన్ను అంగుళానికి ఆరేడు చుక్కలకి మించి విడదీసి చూడలేదు. చేతిలో పట్టుకునే ఏ3 బ్రోషర్‌కే అసలు పిక్సెళ్లు కావాలి, 300 డీపీఐలో 4961 × 3508, అంటే కోటీ 74 లక్షలు, 4కేకి రెట్టింపు కన్నా ఎక్కువ. బిల్డర్లు దీన్ని సరిగ్గా తలకిందులుగా అనుకుంటారు, హోర్డింగ్ పెద్దది కాబట్టి ఫైల్ పెద్దది కావాలని.

వాక్‌త్రూ అంటే సెకనుకి 25 చొప్పున నిమిషానికి 1500 ఫ్రేములు. ఫ్రేముకి 8 నిమిషాలైతే 200 గంటలు, ఎనిమిది రోజులు దాటుతుంది, ఒక్క నిమిషంలోకి దించినా 25 గంటలు. పైగా ఒక్కో ఫ్రేమ్‌ని విడిగా డీనాయిజ్ చేస్తే మూలలు మరుగుతున్న నీళ్లలా కదులుతాయి, స్టిల్‌లో కనిపించని తప్పు వీడియోలో కళ్లలో పొడుస్తుంది. దీనికి రియల్‌టైమ్ సాఫ్ట్‌వేర్లే వాడు, లూమియన్, ట్విన్‌మోషన్, ఏది చేతికి అలవాటైతే అది. వాక్‌త్రూలో ఎవరూ ఫ్రేమ్ ఆపి చూడరు.

ఇటుకలు_ఇసుక · 7:55

కొన్ని ఫ్రేములు రెండర్ ఫార్మ్‌కి (వాళ్ల కంప్యూటర్ల మీద రెండర్ చేసిపెట్టేవాళ్లకి) ఇస్తే?

డాలస్_దోసె · 8:10

ఇవ్వొచ్చు, కానీ ముందు పది ఫ్రేములు వేసి ఖర్చు చూసుకో, సీన్ సరిగ్గా లేకపోతే నీ తప్పుకి అద్దె కట్టినట్టే. షీపిట్ అని బ్లెండర్‌కి ఉచితంగా ఒకటి ఉంది, నీ మెషీన్‌తో వేరేవాళ్ల ఫ్రేములు రెండర్ చేసిపెట్టి పాయింట్లు సంపాదించాలి. నీ ఫైల్ మాత్రం ఎవరెవరి మెషీన్ల మీదకో వెళ్తుంది, బిల్డర్ ఒప్పుకుంటాడో లేదో అడుగు.

నిద్రలేని_3డీ · రాత్రి 9:15

మీటింగ్ అయింది. వరసగా చెప్తా.

రాత్రి రెండింటికి ఆరు వ్యూలూ బ్యాచ్‌లో పెట్టి పడుకున్నా. మూడున్నరకి కరెంటు పోయింది. యూపీఎస్ ఉంది కానీ దాని బ్యాటరీ పదిహేను నిమిషాలు. నాలుగు అయిపోయాయి, ఐదోది మధ్యలో పోయింది, మిగిలిన రెండూ పొద్దున పెట్టుకున్నా, పాత లెక్కలో అయితే అక్కడికి నా పని అయిపోయినట్టే. పాసెస్ మార్చాక ఇక్కత్ చాలా వరకు తిరిగొచ్చింది, వెనీర్‌కి 70-30 కలిపా.

మధ్యాహ్నం క్లయింట్‌కి వాట్సాప్‌లో మామూలుగా ఫోటోల్లా పెట్టాను, అది నలిపేసి పంపింది. వెంటనే డాక్యుమెంట్‌గా మళ్లీ పెట్టా. ఆయన చూసింది మొదటి వాటినే.

మీటింగ్‌లో క్లయింట్ టీవీ దగ్గరికి వెళ్లి మరీ చూశారు. నేను సీలింగ్ మూలల్లో మిగిలిన కాస్త నాయిస్ గురించి టెన్షన్ పడుతూ కూర్చున్నా. ఆయన అడిగింది, "హాల్లో ఏసీ ఏదమ్మా?" అని. ఏసీ పెట్టడం మర్చిపోయాను. మాస్టర్ బెడ్‌రూమ్‌లో మంచం పక్కన స్విచ్ బోర్డ్ కూడా లేదట. మేడమ్ మాత్రం కుషన్ దగ్గరే ఆగి, ఇది మా అమ్మ ఇచ్చిందే కదా అన్నారు.

ఏసీ పెట్టి ఆ గోడ వరకే రీజన్ రెండర్ వేశా, కంట్రోల్ బీతో గీసి. మూడు నిమిషాలు. ఫోటోషాప్‌లో పాత ఇమేజ్ మీద అతికించా, అతుకు కనపడలేదు.

ఇంకొక్కటే మిగిలింది. మాస్టర్ బెడ్‌రూమ్ వార్డ్‌రోబ్ అద్దంలో తెల్ల చుక్కలు, మిణుగురుల్లా. శాంపిల్స్ పెంచినా పోవట్లేదు, డీనాయిజర్ వాటిని పెద్ద చుక్కలు చేస్తోంది.

గచ్చుగీతలు · 9:28

మంచం పక్కన వేలాడే లైటుకి బల్బు చుట్టూ గాజు ఉందా? ఉంటే ఆ గాజు తీసెయ్, లేదా బాల్కనీ డోర్‌కి పెట్టిన షాడో రే ట్రిక్ దానికీ పెట్టు. క్లాంపింగ్‌లో (మరీ మెరిసే చుక్కలకి పరిమితి పెట్టేది) ఇన్‌డైరెక్ట్ ఎంతుంది? ఆ యూట్యూబ్ ఆయన సున్నా పెట్టమని ఉంటాడు.

నిద్రలేని_3డీ · 9:31

సున్నానే ఉందక్కా.

గచ్చుగీతలు · 9:33

10 పెట్టు, డిఫాల్ట్ అదే. చాలకపోతే 5. మరీ దించకు, కోవ్ లైట్ మసకబారుతుంది. ఫిల్టర్ గ్లాసీ 1కి తిప్పు.

నిద్రలేని_3డీ · 9:52

గాజు తీసేశా, 10 పెట్టా. రెండు చుక్కలు మిగిలాయి, వాటిని ఫోటోషాప్‌లో హీలింగ్ బ్రష్‌తో తుడిచేశాను. ఇప్పుడు స్విచ్ బోర్డ్ పెట్టాలి.